ఛాతీతో కదిలే చేయి

2001లో అమెరికాలోని టెనెసీలో కరెంటు లైన్‌మన్ జెస్సీ సలివన్‌కు షాక్ కొట్టింది. రెండు చేతులూ భుజాల దాకా తీసేశారు. అయినా మెదడు ఆదేశాలు పంపడం మానదు; అవి తెగిన నరాల కొసల దగ్గరే ఆగిపోతాయి.

షికాగో వైద్యుడు టాడ్ కైకెన్ బృందం ఆ నరాలను ఛాతీ కండరాలకు మళ్లించింది. కొన్ని నెలలకు అవి అక్కడ నాటుకున్నాయి. సలివన్ పిడికిలి మూయాలనుకోగానే ఛాతీలో ఓ కండరం బిగుసుకునేది. అప్పుడు పుట్టే విద్యుత్తు వోల్టులో వెయ్యో వంతుకు అటూ ఇటూ, అంతే. చర్మం మీది ఎలక్ట్రోడ్లు దాన్ని పసిగట్టి కృత్రిమ చేతిలోని మోటారును నడిపేవి.

అసలు అబ్బురం ఇంకోటి. ఛాతీని తాకితే, లేని చేతిని ముట్టుకున్నట్టు ఆయనకు తెలిసేది!

అయితే చెమట పట్టినా, ఎలక్ట్రోడ్ కాస్త జరిగినా సంకేతం చెదిరిపోతుంది. రోజంతా తొడుక్కుని తిరిగేవారికి ఇది చిన్న ఇబ్బంది కాదు. పరిశోధకులు ముందు తేల్చాల్సింది దీన్నే.