నల్ల తెర మీద నా ఓనమాలు

"అమ్మా, కంప్యూటర్ పాడైందా? అంతా నల్లగా ఉంది!"

స్కూలు బ్యాగు దించకుండానే అడిగాడు మా చిన్నాడు. పాడవలేదురా, నేనే అలా తెరిచాను అంటే నమ్మలేదు. వాడేమిటి, మా అత్తమ్మా నమ్మలేదు. "నీకెందుకు బిడ్డా ఈ పరేషాన్? పోరగాండ్లు చూసుకోరా?" అంది.

నిజమే, అంతవరకూ పోరగాళ్ళే చూసుకున్నారు. హన్మకొండలో మేం అయిదుగురం స్నేహితురాళ్ళం. అందరం గృహిణులమే, కాస్తో కూస్తో రాసే అలవాటున్నవాళ్ళమే. చుట్టుపక్కల ఊళ్ళలో ముసలమ్మలు చెప్పే కథలు, పాడే పాటలు వాళ్ళ గొంతులోనే రికార్డు చేసి, నెలనెలా అద్దె కట్టే ఒక సర్వర్‌లో దాస్తున్నాం. సర్వర్ అంటే మరేం కాదు, ఎక్కడో దూరాన రాత్రింబవళ్ళు ఆగకుండా పనిచేసే కంప్యూటర్. దాని ముందు మనం కూర్చోం. మౌసుతో నొక్కడానికి బొమ్మలుండవు. ఇంటి నుంచే అక్షరాలతో పని చెప్పాలి. ఆ పనంతా మా బావగారి అబ్బాయిది. వాడు పై చదువుకని జర్మనీ వెళ్ళిన రెండో నెలలోనే మా కథల పేజీ తెరుచుకోవడం మానేసింది!

ఫోన్ చేస్తే, "చిన్నమ్మా, నేను చెప్తా, నువ్వే కొట్టు. ఏం గాదు" అన్నాడు.

నేను కాకతీయ యూనివర్సిటీ బీఏని. 1959లో ఆర్‌ఈసీగా మొదలై 2002లో ఎన్‌ఐటీ అయిన మన కాలేజీ ముందు నుంచి వందలసార్లు బస్సులో వెళ్ళుంటాను. ఆ గేటు లోపలి చదువు నాది కాదనే అనుకున్నాను. అలాంటి నాకు మొదటి పాఠం 'ఎస్‌ఎస్‌హెచ్'. సర్వర్ తలుపు తట్టడం అన్నమాట. మన మాటలు మధ్యలో ఎవరికీ అర్థం కాకుండా అది తాళం వేసి పంపుతుంది. రెండో పాఠం 'పీడబ్ల్యూడీ'.

"రోడ్లేసే వాళ్ళతో మనకేం పనిరా?" అన్నాను. పడీపడీ నవ్వాడు. "నేనిప్పుడు ఏ గదిలో ఉన్నా? అని అడుగుడు చిన్నమ్మా!"

'ఎల్‌ఎస్' అంటే ఈ గదిలో ఏమేం ఉన్నాయో చూపించమని. 'సీడీ' అంటే ఇంకో గదిలోకి వెళ్ళడం. 'సీపీ' అంటే నకలు తీయడం. 'డీఎఫ్' కొడితే అటక మీద చోటెంత మిగిలిందో చెబుతుంది. మాది నూటికి నూరు శాతం నిండిపోయింది! ఎక్కడ నిండిందో 'డీయూ' చెప్పింది. ఎవరొచ్చారు, ఏ పొరపాటు జరిగింది అంటూ సర్వర్ రాసుకునే దినచర్యను 'లాగ్' అంటారు. పాతవి ఎప్పటికప్పుడు తీసేసే ఏర్పాటు లేక అవే కొండలా పేరుకున్నాయి. కొత్తగా ఒక్క అక్షరం రాసుకునే చోటు లేక మా పేజీ ఆగిపోయింది. వాడు చెప్పినట్టే వాటిని ఖాళీ చేసి, మళ్ళీ మొదలుపెట్టించాను. పేజీ తెరుచుకుంది. అమ్మయ్య!

ఈ మాటలు ఇంత పొట్టివేమిటని అడిగాను. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ మొదలుపెట్టిన రోజుల్లో జవాబులు కాగితం మీద టకటకా అచ్చయ్యేవట, నిదానంగా. అందుకే పొదుపు. అదే ల్యాబ్‌లో లోరిండా చెర్రీ అనే ఆవిడ యూనిక్స్‌లో లెక్కలు చేసే ప్రోగ్రాములు రాయడంలో పాలుపంచుకుంది. ఆడవాళ్ళకు కొత్తేం కాదు సుమా ఈ నల్ల తెర!

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ జరిగింది చెప్పాలి.

ఓ మధ్యాహ్నం ఒక్కదాన్నే కూర్చుని సర్వర్ శుభ్రం చేయబోయాను. పాత నకళ్ళ గదిలో ఉన్నాననుకుని 'ఆర్‌ఎమ్' కొట్టాను. తీసెయ్యమని. నేనున్నది అసలు రికార్డుల గదిలో! పీడబ్ల్యూడీ అని ఒక్కసారి అడిగితే తెలిసేది. అడగలేదు. అక్కడ చెత్తబుట్ట ఉండదు, నిజంగానా అని అడగదు. కొట్టగానే పోతుంది.

పన్నెండు రికార్డులు పోయాయి. పదకొండు మా ఫోన్లలో దొరికాయి. పన్నెండోది నర్సంపేట వైపు ఓ అవ్వ పాడిన నాట్ల పాట. రికార్డు చేసిన ఫోన్ ఎప్పుడో మార్చేశాం. అవ్వ పోయి అప్పటికి రెండు నెలలు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చెప్పకుండా ఉండొచ్చు, ఎవరికీ తెలియదు. కానీ ఆదివారం బస్సెక్కి వెళ్ళి అవ్వ బిడ్డకు చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రెండు చరణాలు నాకు యాదికున్నయమ్మా, రాసుకో" అంది. ఆమె గొంతులోనే రికార్డు చేసుకున్నాను. మిగిలింది ఆమెకూ గుర్తులేదు.

ఇప్పుడు నా నోట్‌బుక్ మొదటి పేజీలో ఇలా రాసుకున్నాను. తీసేసే ముందు పీడబ్ల్యూడీ, ఆ తర్వాత ఎల్‌ఎస్, అప్పుడే ఆర్‌ఎమ్. 'హైఫన్ ఐ' చేరిస్తే ఒక్కొక్కటీ తీయనా అని అడుగుతుంది. 'సుడో' అంటే యజమాని అధికారం. దాన్ని అవసరం లేకుండా వాడకూడదు. ప్రతి రాత్రీ 'ఆర్‌సింక్'తో ఒక నకలు మా ఇంటికి వస్తుంది, వారానికోటి స్నేహితురాలి ఇంటికి వెళుతుంది. నెలకోసారి ఆ నకలు తెరిచి వింటాం. తెరుచుకోని నకలు ఉన్నా లేనట్టే కదా!

మీరూ నేర్చుకోవచ్చు. సర్వరే అక్కర్లేదు. మూలపడ్డ పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వేయించుకోండి, పైసా ఖర్చులేదు. 1991లో హెల్సింకిలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన లినక్స్ అందులో ఉంది. వేరే గది ఒకటి చేసుకుని, పనికిరాని ఫైళ్ళతో సాధన చేయండి. ఏ మాట అర్థం కాకపోయినా దాని ముందు 'మ్యాన్' అని కొడితే వివరం వస్తుంది. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోని మ్యాన్ మా ఇంట్లో అదొక్కటే!

ప్రతి శనివారం మధ్యాహ్నం మిగతా నలుగురూ మా ఇంటికి వస్తున్నారు. చాయ్ తాగుతూ వంతులవారీగా కొడుతున్నాం. మొన్న జర్మనీ నుంచి మావాడు ఫోన్ చేసి, "సర్వర్ ఎట్లుంది చిన్నమ్మా?" అని అడిగాడు.

"చోటు ఇంకా సగముంది. నువ్వు తిన్నావా?" అన్నాను.