దొంగరేడియోలు, ఆరు సెకండ్ల డ్రమ్ముమోత



పెద్దలైన మీ యెదుట లండను యువకుల ‘జంగిల్’ సంగీతమును గుఱించి ప్రసంగింప సాహసించుచున్నాను. దీనికి కారకుడు నా మేనల్లుడు. వాడు లండనులో ఉద్యోగము చేయుచు, సెలవులకు వచ్చినపుడు తన చేతిఫోనులో ఒక ధ్వనిముద్రణమును నాకు వినిపించెను. మొదట రేడియో గరగర. పిమ్మట ఒక పడుచువాడు ఎవరెవరినో పేరుపేరున పలుకరించుచుండెను. ఆ మాటల వెనుక డ్రమ్ములు వడగండ్లవలె కురియుచుండెను. ‘ఇది నీవు అక్కడ విన్నదియా?’ అని యడిగితిని. ‘కాదు మామయ్యా, 1994 నాటిది. నేను పుట్టకముందటిది’ అనెను. చూడని కాలమునకై వాడు పడు బెంగ నాకు వింతగా తోచినది. దాని మూలమును వెదకగా తెలిసిన సంగతులను మీకు విన్నవింతును.

ఇంగ్లండులో 1988 ప్రాంతమున, యువజనులు రాత్రియంతయు నర్తించు ‘రేవ్’ అను కూటములు ప్రబలినవి. అక్కడి నాట్యశాలలు అర్ధరాత్రి దాటిన రెండుమూడు గంటలకే మూయవలసి యుండుటచే, వారు పాడుపడిన గిడ్డంగులకును, లండను చుట్టుమార్గమున కావలనున్న పొలములకును చేరుచుండిరి. కూటము జరుగు చోటు ముందుగా తెలియదు. ఆ రాత్రియే టెలిఫోనుద్వారా తెలిసికొని కార్లలో బారులుతీరి పోవుదురు. ‘ఎక్స్టసీ’ అను మత్తుమాత్రల వాడుక అందు మిక్కుటము. కొందఱు యువజనులు ప్రాణములనే గోల్పోయిరి. ఈ సంగతి దాచి ఆ కాలమును పొగడువారితో నేను ఏకీభవింపను.

1992 మే నెలలో కాసిల్మార్టన్ అను గ్రామపు ఉమ్మడి బీడున 20,000 లకు పైగా జనము గుమిగూడి, ఇంచుమించు వారము దినములు మోతను ఆపలేదు. ఊరివారికి కంటిపై కునుకు లేదు. ఈ విషయమున నేను ఊరివారి పక్షమువాడనే. అయినను 1994 లో ప్రభుత్వము చేసిన శాసనము చిత్రమైనది. రాత్రివేళ ఆరుబయట 100 మందియో అంతకు మించియో కూడి, చుట్టుపట్లవారికి బాధ కలుగునట్లు సంగీతము వాయించినచో చెదరగొట్టుటకు పోలీసులకు అధికార మిచ్చుచు, వరుసగా మరలమరల వచ్చు దెబ్బలతో కూడిన ధ్వనులును సంగీతమే యని అందు నిర్వచించిరి. తాళమును చట్టమున బంధింపజూచుట నేను మఱెక్కడను వినలేదు.

ఈ కూటములనుండియే 1991, 1994 సంవత్సరముల నడుమ లండనులో జంగిల్ రూపొందెను. 1948 మొదలుగా జమైకా మున్నగు కరిబియను దీవులనుండి వచ్చి స్థిరపడిన నల్లజాతివారి సంతతియు, వారి యిరుగుపొరుగున పెరిగిన తెల్లవారి బిడ్డలును కలిసి దీనిని కల్పించిరి. జమైకావారు తెచ్చిన పెద్దపెద్ద స్పీకర్ల సంప్రదాయమునుండి బరువైన మంద్రధ్వని వచ్చినది. దానిపై నిమిషమునకు 160 నుండి 170 దెబ్బల వేగముతో డ్రమ్ములు పరుగెత్తును. మంద్రము మాత్రము అందులో సగము వేగముననే నడచును. మన మృదంగ విద్వాంసులు ఒకే తాళమున రెండు కాలములు చూపుట మీరెఱుగుదురు గదా! ఆ చెవితో విన్నచో ఇది వట్టి మోతగా తోపదు. నాకు మూడవ వినికిడికిగాని అది చిక్కలేదు.

బి.బి.సి. వారును, లైసెన్సుగల తక్కిన కేంద్రములవారును తొలుత దీనిని అరుదుగా వినిపించిరి. అందుచే యువకులు దొంగరేడియోలు పెట్టిరి. హాక్నీ ప్రాంతమున 1991 లో వెలసిన ‘కూల్ ఎఫ్.ఎం.’ వీనిలో ప్రసిద్ధము. ఎత్తైన మేడల కప్పులపై ఏరియలు కట్టి, ప్రసారయంత్రమును దాచి, తాము వేఱొకచోట గదిలో కూర్చుండి పాటలు వేయుచుండిరి. అధికారులు వచ్చి యంత్రమును ఊడబెఱికి కొనిపోవుదురు. కొలది దినములకే క్రొత్తది మొలచును. రేడియో వినుటకే లైసెన్సు కట్టిన కాలము మీలో కొందఱికి జ్ఞాపకముండును గనుక, ఈ తెగువ యెట్టిదో మీరు ఊహింపగలరు.

క్రొత్తపాటను మెత్తని పూతగల లోహపు పలకపై ఒకటి రెండు ప్రతులు మాత్రమే చెక్కించి వాయించుట వారి వాడుక. దానికి ‘డబ్ ప్లేట్’ అని పేరు. కొన్ని పదుల మారులు ముల్లు తగులగానే అది అరిగిపోవును. అంగడికి రాని పాట ఆ పలకతోనే అంతరించును. ఆ రాత్రి ఎవరింటనో ఒక పిల్లవాడు రేడియోనుండి క్యాసెట్టుకు పట్టియుండినగాని మిగులదు. నేడు అటకలపైనుండి దించి కంప్యూటర్ల కెక్కించుచున్నవి ఆ క్యాసెట్లే. పాటతోబాటు వీధి అంగళ్ల ప్రకటనలు, వినువారికి పంపిన పలకరింపులు, నడుమ తెగిన ప్రసారము, అన్నియు నందున్నవి. ‘బరియల్’ అను సంగీతకారుడు 2007 లో వెలువరించిన ‘అన్‌ట్రూ’ అను సంపుటము ఈ బెంగతో నిండియున్నది. ఆతడును ఆ కూటములకు పోయి పెరిగినవాడు కాడు, అన్న తెచ్చిన సంగీతము విని పెరిగినవాడు. నా మేనల్లుని బెంగ అప్పుడు నాకు కొంత బోధపడెను.

నన్ను మిక్కిలి కలచిన సంగతి వేఱొకటి కలదు. ఈ పరుగెత్తు డ్రమ్ములలో చాలభాగము లండనులో వాయించినవి కావు. 1969 లో అమెరికాలో ‘ది విన్‌స్టన్స్’ అను బృందము ఒక రికార్డు నిచ్చెను. దాని మొదటి పక్కనున్న పాటకు గ్రామీ బహుమానము వచ్చినది. రెండవ పక్కను నింపుటకు వేసిన ‘ఆమెన్, బ్రదర్’ అను పాట నడుమ, తక్కిన వాద్యములు నిలువగా, గ్రెగరీ కోల్మన్ ఒంటరిగా డ్రమ్ములు వాయించెను. అది ఆరేడు సెకండ్లు మాత్రమే. తరువాతివారు దానిని శాంప్లరు అను యంత్రమున పట్టి, దెబ్బదెబ్బకు విడగొట్టి, వేగము పెంచి, తారుమారు చేసి, జంగిలులోను ఇతర శైలులలోను వేలకొలది పాటలు అల్లిరి.

కోల్మనుకు దమ్మిడీ ముట్టలేదు. 2006 లో అట్లాంటా నగరమున నిలువనీడ లేక మరణించెనని బృందనాయకుడు రిచర్డ్ స్పెన్సరు చెప్పెను. ఆ స్పెన్సరుకైనను తమ డ్రమ్ములు సముద్రము దాటినవని 1996 లోగాని తెలియలేదు. అప్పటికి వ్యాజ్యమునకు గడువు దాటినది. 2015 లో ఇంగ్లండులోని సంగీతప్రియులు చందాలెత్తి ఆయనకు సుమారు 24,000 పౌండ్ల చెక్కు నంపిరి. ఆయనయు 2020 లో గతించెను.

నా మాటలు ముగియగానే ఆ ఆరేడు సెకండ్లను మీకు వినిపింపుమని ఇచ్చటివారిని కోరితిని. రేడియో కొంచెము హెచ్చించి దగ్గరకు జరుగుడు. అది కనురెప్పపాటులో అయిపోవును.