గొట్టం మూసినా ఆగని నత్రజని

ఆస్ట్రేలియా పశ్చిమ తీరాన, పెర్త్ నగరానికి దక్షిణంగా కాక్‌బర్న్ సౌండ్ అనే లోతు తక్కువ అఖాతం ఉంది. దాని తూర్పు గట్టున క్వినానాలో 1950ల నుంచి చమురు శుద్ధి, ఎరువులు, నికెల్ పరిశ్రమలు వెలిశాయి. వాటి వ్యర్థజలాలు గొట్టాల్లోంచి నేరుగా సముద్రంలోకి పోయేవి. 1970ల చివరికి ఏటా దాదాపు 2,000 టన్నుల నత్రజని ఆ నీటిలో కలిసేది. దాన్ని తిని సూక్ష్మ నాచు విపరీతంగా పెరిగి నీటిని మసకబార్చింది, సముద్రగడ్డి ఆకుల మీద జిగటగా పేరుకుంది. ఎండ అందక గడ్డి చచ్చిపోయింది. సుమారు 4,000 హెక్టార్లలో ఉన్న ఆ పచ్చిక నాలుగింట మూడు వంతులకు పైగా మాయమైంది. తర్వాత గొట్టాలను అదుపు చేయడంతో 2000 నాటికి నత్రజని 300 టన్నులకు దిగింది. అయితే ఆ మిగిలినదాంట్లో అత్యధిక భాగం భూగర్భ జలం ద్వారానే వస్తోందని తేలింది. అందుకే కంటికి కనిపించే గొట్టాన్ని మూయించి తృప్తిపడితే కాలుష్యాన్ని సగమే లెక్కగట్టినట్టు.

కర్మాగారం కింద ఇంకిన అమ్మోనియాను, గాలి అందే చోట బ్యాక్టీరియా నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్‌ది రుణావేశం, మట్టి రేణువులదీ ఎక్కువగా రుణావేశమే. అందుకే మట్టి దాన్ని పట్టి ఉంచదు, అది నీటితోపాటే కదిలిపోతుంది. తీరం చేరిన మంచినీరు, తనకన్నా బరువైన ఉప్పునీటి మీదుగా పైకి జరిగి, ఒడ్డు దగ్గర ఇసుకలోంచి సముద్రంలోకి ఊరుతుంది. భూగర్భ జలం నడక నెమ్మది కాబట్టి, ఏనాడో ఒలికినది ఏళ్ల తరవాత బయటపడుతుంది.

మట్టే వడకట్టదా అని కొందరు అడుగుతారు. నైట్రేట్‌ను హానిలేని నత్రజని వాయువుగా మార్చే బ్యాక్టీరియాకు ఆక్సిజన్ లేని చోటు, తిండిగా సేంద్రియ పదార్థం కావాలి. తీరపు ఇసుకలో ఆ తిండి కొరత. అంత సముద్రంలో ఇదెంత అనేవారూ ఉన్నారు. కాక్‌బర్న్ సౌండ్‌కు పడమట గార్డెన్ ద్వీపం అడ్డు, దక్షిణపు దారిలో 1970ల మొదట్లో కట్టిన వారధి మరో అడ్డు. బయటి నీరు అక్కడికి ధారాళంగా రాదు. నత్రజని తగ్గినా గడ్డి తిరిగి రాలేదు కదా, మరి దోషం దానిదేనా అన్న ప్రశ్న బలమైనదే. కానీ అక్కడి పొసిడోనియా గడ్డి చాలా మెల్లగా పాకుతుంది, వేళ్లు పోయాక అడుగు ఇసుకా నిలవదు. గడ్డి ఆలస్యం చేసినంత మాత్రాన నత్రజని నిర్దోషి కాదు. నష్టం జరిగాక సరిదిద్దడం ఎంత కష్టమో ఆ ఆలస్యమే చెబుతోంది.

కాబట్టి తీరపు పరిశ్రమకు అనుమతి ఇచ్చేటప్పుడే కర్మాగారానికీ ఒడ్డుకూ మధ్య పరిశీలన బోర్లు వేయించాలి. వాటిలో అమ్మోనియం, నైట్రేట్‌లతోపాటు నీరు పారే వేగాన్నీ కొలిచి, ఫలితాలను ప్రజల ముందు పెట్టాలి. కలుషిత జలం తీరం చేరకముందే తోడి శుద్ధి చేయడం సాధ్యమే. చేరాక దాన్ని వెనక్కి తెచ్చే ఉపాయం మాత్రం లేదు.