ఈదలేని పురుషబీజాలు: గ్రాసిలేరియాలో ఫలదీకరణ

ప్రపంచంలో తయారయ్యే అగార్‌లో అధిక భాగానికి గ్రాసిలేరియా ప్రజాతికి చెందిన ఎర్ర శైవలాలే ముడిసరుకు. వీటిలో స్త్రీ, పురుష సంయోగబీజదాలు సాధారణంగా వేర్వేరు మొక్కలు. ఫలదీకరణ జరిగిన స్త్రీ మొక్కపై సిస్టోకార్ప్‌లు చిన్న బుడిపెలుగా కంటికి కనిపిస్తాయి. పురుష మొక్కపై అటువంటి గుర్తేదీ ఉండదు. సూక్ష్మదర్శినితో పరీక్షించకపోతే దానిని ప్రత్యుత్పత్తి దశకు రాని మొక్కగా పొరబడే అవకాశం ఉంది.

గ్రాసిలేరియా గ్రాసిలిస్ జాతిలో స్పెర్మటాంజియంలు థాలస్ ఉపరితలంలోని సూక్ష్మమైన గుంటలలో ఏర్పడతాయి. ఒక్కొక్క స్పెర్మటాంజియం నుండి వర్ణరహితమైన ఒక్క స్పెర్మేషియం విడుదలవుతుంది. కారా, ఫ్యూకస్ వంటి శైవలాల పురుషబీజాలు కశాభాలతో ఈదగలవు. ఎర్ర శైవలాల స్పెర్మేషియాలకు కశాభాలు లేవు. అవి స్త్రీ మొక్కలోని కార్పోగోనియం నుండి పొడుచుకువచ్చిన ట్రైకోగైన్‌ను చేరితేనే ఫలదీకరణ సాధ్యం. ఈ రవాణాకు నీటి కదలికే ఆధారమని చాలాకాలం భావించారు.

ఫ్రాన్స్‌లోని రోస్కాఫ్ పరిశోధకులు 2022లో సైన్స్ పత్రికలో ప్రచురించిన ఫలితాలు ఈ భావనను సవరించాయి. ఇడోటియా బాల్తికా అనే చిన్న ఐసోపాడ్ జీవులు ఉన్న తొట్లలో, అవి లేని తొట్లతో పోలిస్తే ఫలదీకరణ సుమారు 20 రెట్లు అధికంగా జరిగింది. ఆ జీవుల శరీరాలకు స్పెర్మేషియాలు అంటుకొని ఉన్నట్లు సూక్ష్మదర్శినిలో కనిపించింది. పూల మొక్కలకు కీటకాలు చేసే సేవ వంటిదే ఇది. ప్రతిఫలంగా ఐసోపాడ్‌లకు ఆశ్రయమూ, థాలస్‌పై పెరిగే డయాటమ్‌ల ఆహారమూ లభిస్తాయి.

సాగుకు ఈ విషయం ముఖ్యమైనది. గ్రాసిలేరియాను ఎక్కువగా ముక్కల ద్వారానే ప్రవర్ధనం చేస్తారు. చిలీలో ఇటువంటి సాగు ఫలితంగా క్షేత్రాలలో ద్వయస్థితిక టెట్రాస్పోరోఫైట్‌లే అధికమై, లైంగిక ప్రత్యుత్పత్తి క్షీణించింది. లైంగిక పునఃసంయోజనం లోపిస్తే జన్యువైవిధ్యం తగ్గి, వ్యాధులను, ఉష్ణోగ్రత మార్పులను తట్టుకొనే రకాల ఎంపికకు ఆస్కారం సన్నగిల్లుతుంది.

కార్పోస్పోర్‌ల ద్వారా నారు పెంచదలచినవారు బుడిపెలున్న మొక్కలను మాత్రమే కాపాడితే చాలదు. థాలస్ అడ్డుకోతలను పరీక్షించి పురుష మొక్కలను గుర్తించి, వాటిని స్త్రీ మొక్కల సమీపంలో నిలపాలి. టెట్రాస్పోర్‌ల నుండి స్త్రీ, పురుష మొక్కలు దాదాపు సమాన నిష్పత్తిలో లభిస్తాయి కనుక ఇది కష్టసాధ్యం కాదు. ఐసోపాడ్ ప్రయోగం ఒక్క జాతిపై, తొట్లలో జరిగినది. మన తీరపు జాతులకు దానిని అన్వయించే ముందు స్థానికంగా పరీక్షించాలి. అంతవరకు థాలస్‌పై తిరిగే ప్రతి చిన్న జీవినీ చీడగా లెక్కించడం తొందరపాటే అవుతుంది.