క్రొత్త కెమేరా కొనవలెనా?

గత యాశ్వయుజమున మా యింట చీటీసొమ్ము చేతికి వచ్చినది. ఆ రాత్రియే మా వారు భోజనము చేయుచు, "ఈ పర్యాయము క్రొత్త కెమేరా తీసికొందమా?" అని మెల్లగా ప్రస్తావించిరి. మా యమ్మాయి కళాశాల రుసుములో రెండవ విడత ఇంకను చెల్లింపవలసి యున్నది. ఆ సొమ్ము ఆ విడతకు సరిగా సరిపోవును. అయినను మేము వెంటనే వలదనలేకపోతిమి. అందులకు కారణము గలదు.

మాకున్నది నికాన్ డి90. అది 2008లో వెలువడినది. మేము 2010లో మా మరదలి పెండ్లికి ముందు కొంటిమి. బడి వార్షికోత్సవములు, అక్షరాభ్యాసములు, 2015 గోదావరి పుష్కరములు అన్నియు దీనితోడనే తీసితిమి. వస్తువులు కొనుటలో ఉత్సాహము మా వారిది. పటములు తీయుట మా వంతు.

మా మామగారు 2019లో స్వర్గస్థులైరి. పటము కట్టింతమని వెదకగా నిలువబెట్టి తీసినవి రెండు మూడు దొరకినవి. వానిలో ఆయన మా మామగారివలె లేరు. పటము తీయించుకొనుచున్న పెద్దమనిషివలె నున్నారు. సాయంసమయమున వసారాలో దీపపు వెలుగున భాగవతము చదువుకొనుచుండగా తీసిన దొక్కటియే నిజముగా ఆయనది. అది చెదరిపోయినది. కెమేరా పాతబడుటచేతనే యిట్లయినదని నాటినుండియు మా మనస్సులో నొక నమ్మకము నాటుకొన్నది.

సొమ్ము చెల్లించుటకు ముందు మా యమ్మాయి యొక మాట యన్నది: "అమ్మా, ప్రతి ఫొటోలోను కెమేరా తన లెక్కలు వ్రాసిపెట్టుకుంటుంది. చెడినవాటి లెక్కలు ఒక్కసారి చూడు." రెండు రాత్రులు కంప్యూటరు ముందు కూర్చుండి మేమా పని చేసితిమి.

ఈ లెక్కలు మూడు. కటకపు ద్వార మెంత తెరచుకొన్నదో చెప్పున దొకటి. వెలుతురును ఎంతసేపు లోనికి విడిచినదో చెప్పునది రెండవది. అందిన వెలుతురును ఎంతగా హెచ్చించి చూపవలెనో చెప్పునది మూడవది. దీనినే ఐఎస్ఓ యందురు. మామగారి పటమునందు కాలము సెకండులో ఎనిమిదవ వంతు. అంతసేపటిలో పుట త్రిప్పుచున్న చేయి కొంత దూరము పోవును. తలయు కొంత కదలును. ఐఎస్ఓ ఎంత? 200. తరువాతి పటమున? 200. బడి నాటకమున, పెండ్లి పందిరిలో, దీపావళి రాత్రి, ఎల్లయెడల 200!

మేము సిగ్గుపడితిమి. మొదటి దినములలో కెమేరా తనంతట తానే అన్నియు చూచుకొనెడి 'ఆటో' పద్ధతిలో నుండెడిది. నేర్పరులు ఆటో వాడరని యెవరో యనగా, ద్వారమును మేమే నిర్ణయించుకొను పద్ధతికి మార్చితిమి. అప్పటినుండి ఐఎస్ఓ బాధ్యత మాదైనదని యెరుగము. దానిని 1600కు పెంచియున్నచో వెలుతురు ఎనిమిది రెట్లు హెచ్చింపబడి, సెకండులో అరువదవ వంతు కాలము చాలియుండెడిది. కొంత నలుసు పడియుండును గాని మామగారి ముఖము మాత్రము దక్కియుండెడిది. కెమేరాతో వచ్చిన పుస్తకమున ఈ సంగతి యున్నది. కాఫీపొడి డబ్బాలు చక్కబెట్టుకొనుటకు తీరిక గల మాకు దానిని చదువుటకు లేకపోయినది.

అట్లని క్రొత్తదానిలో ఏమియు లేదనుట న్యాయము గాదు. మా వారి సహోపాధ్యాయు నొద్ద 2017లో వెలువడిన డి7500 యున్నది. దానిని ఒక సాయంకాలము ఎరువు తెచ్చి, తులసికోట చెంత అత్తగారు దీపము పెట్టుచుండగా మా కటకమునే రెంటికిని మార్చి మార్చి తగిలించి, ఐఎస్ఓ 3200తో తీసితిమి. స్టూడియోలో నాలుగంగుళములకు ఆరంగుళముల పటములు వేయింపగా అత్తగారు రెండును చూచి, "రెంటిలోనూ నా ముక్కుపుడక మెరుస్తోంది గదా అమ్మాయీ, తేడా ఎక్కడుంది?" అనిరి. ఎనిమిదికి పండ్రెండంగుళముల పటములందు మాత్రము తేడా మాకు తెలిసినది. మాదానిలో చీరెయొక్క నల్లంచుపై రంగురంగుల నలుసులు పడినవి. క్రొత్తదానిలో అంచు నల్లగనే యున్నది.

మెగాపిక్సెళ్ల మాట యెత్తుదురు గాన చెప్పుచున్నాము: మాది 12.3, అది 20.9. వినుటకు దూరము పెద్దది. పటము వెడల్పున చుక్కల పెరుగుదల నూటికి ముప్పదియే. పండ్రెండంగుళముల పటమునకు అంగుళమునకు 300 చొప్పున 3600 చుక్కలు కావలెను. మాదానిలో 4288 ఉన్నవి. చలనచిత్రముల విషయమున మాత్రము మాది వెనుకబడినదే. అధికస్పష్టతతో తీసినచో ఒక్కొక్క తునుకకు అయిదు నిమిషములే యిచ్చును. అమ్మాయి కూచిపూడి నాట్యము సగములో ఆగిపోయిన పిమ్మట గాని మేమది యెరుగము. ఇప్పుడా పనికి చేతిఫోను చాలుచున్నది.

కొనదలచిన సోదరీమణులకు ఇంకొక సంగతి. క్రొత్తది గదాయని మోసపోవలదు. మా డి90లో పాత కటకములను త్రిప్పు మోటారు కలదు. 2016లో వచ్చిన డి5600లో లేదు. పాత కటకములు గలవారు దానిని కొన్నచో స్పష్టతను చేతితో సరిచేసికొనవలసినదే. మరియు 2018 నుండి నికాన్, కేనన్ సంస్థలు రెండును లోపల అద్దము లేని పెద్ద కెమేరాల వైపు మరలినవి. కావున నేడు అద్దపు కెమేరాను మార్చి మరియొక అద్దపు కెమేరా కొనుటకు బలమైన యవసరము కనబడవలెను. మాకది కనబడలేదు.

మా వారు మూడు దినములు మౌనముగా నుండిరి. నాలుగవనాడు రుసుము చెల్లించి రసీదు తెచ్చి మా చేతికిచ్చిరి. ఇంటిఖర్చులో మిగిల్చిన దానితో మేము 35 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 కటకమును, వాడినదానినే, కొంటిమి. అంత దగ్గర చూపునకు పాత కటకముకంటె ఇది నాలుగైదు రెట్లు వెలుతురును లోనికి రానిచ్చును. దూరమున నున్నవారిని దగ్గరకు తెచ్చుట దీనిచే గాదు. మనమే నాలుగడుగులు ముందుకు నడువవలెను. పెండ్లిపందిరిలో ఇది కొంచెము కష్టము.

మామగారి చెదరిన పటమును కూడ స్టూడియోకు పంపితిమి. బాగుచేయ వీలు లేదనిరి. అత్తగారు, "ఉన్నదున్నట్టే కట్టించు. పుట తిప్పేటప్పుడు ఆయన చెయ్యి అలాగే ఊగేది" అనిరి. అది యిప్పుడు వసారాలో, ఆయన కూర్చుండు చోటికి ఎదుటిగోడపై నున్నది.