తనవారి సభ

తాగేవానిని చూచి మన ఊళ్ళలో ఎవరూ ఆశ్చర్యపడరు. తాగుడు మానుకొనే దారి ఏదని అడిగేవానిని మాత్రం నలుగురూ తల తిప్పి చూస్తారు. తాగడం నడిబజారులో సాగుతుంది. మానడానికి చాటు కావలసి వస్తుంది. ఇబ్రహీంపట్నం వంటి చోట ఈ విపర్యాసం మరీ స్పష్టం. సాగరు రోడ్డు మీది ఈ ఊరు హైదరాబాదుకు దగ్గరే గాని, నగరంలో వలె మనిషి ఇక్కడ గుంపులో కలిసిపోలేడు. పెద్దచెరువు కట్ట మీద ఎదురైన ప్రతివాడూ "యాడికి పోతున్నవన్నా?" అని పలుకరిస్తాడు. ఆ పలకరింపుకు జంకి మొదటి అడుగే వేయనివారు ఎందరో!

ఆ అడుగు ఎటు వేయవలెనో తెలియడానికి ఒక పాత కథ ఉపకరిస్తుంది. 1935 మే నెలలో బిల్ విల్సన్ అనే న్యూయార్కు వ్యాపారి పనిమీద ఆక్రన్ పట్టణానికి వచ్చి, ఆ పని చెడి, హోటలు వసారాలో ఒంటరిగా నిలిచినాడు. తాగుడు మాని అప్పటికి కొన్ని నెలలే. ఒక ప్రక్క మద్యశాల సందడి, మరొక ప్రక్క టెలిఫోను. అతడు టెలిఫోను వైపు నడిచినాడు. తనవంటి తాగుబోతు ఒకడు ఈ ఊరిలో దొరకునా అని మతాచార్యులను విచారించినాడు. ఆ విచారణ ఫలితంగా బాబ్ స్మిత్ అనే శస్త్రవైద్యుడు తారసిల్లినాడు. పావుగంటకు మించి కూర్చోనని వచ్చిన ఆ వైద్యుడు గంటల తరబడి లేవలేదు. తనకు నీతి చెప్పక, తన బాధను తన మాటలతోనే చెప్పిన మనిషిని అతడు అంతవరకు చూచి ఉండలేదు. ఆ ఏడు జూన్ 10న అతడు మద్యం విడిచిన దినమే 'ఆల్కహాలిక్స్ అనానిమస్' సంఘానికి జన్మదినమైనది. 1957లో ఆ సంఘం ఢిల్లీలో అడుగుపెట్టినది. నేడు హైదరాబాదులోనూ దాని సభలు జరుగుతున్నవి.

దుకాణాలు మూయిస్తే చాలదా అని అడుగవచ్చు. అదీ మనం చూచినాము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకొంటున్న స్త్రీలు సారాపై తిరుగబడిరి. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా, 1995 జనవరిలో సమస్త మద్యమూ నిషిద్ధమైనవి. 1997లో ఆ కట్టు సడలినది. ఆ తల్లుల పోరాటం చిన్నది కాదు. కాని చట్టం దుకాణానికి తాళం వేయగలదు; లోపలి దాహానికి వేయలేదు. ఆ పని తాగేవాడే, తనవంటివారి తోడుతో చేసుకోవలెను.

సభలన్నీ ఒక్కతీరు కావు. కొన్ని బహిరంగం: భార్య, మిత్రుడు, ఉపాధ్యాయుడు, ఎవరైనా కూర్చొని వినవచ్చు. కొన్ని తాగుడు మానగోరే వారికి మాత్రమే. రుసుము లేదు, పూర్తి పేరు చెప్పనక్కరలేదు, మానవలెనన్న కోరికే ప్రవేశపత్రం. మొదట బహిరంగసభకు పోయి, వెనుక వరుసలో కూర్చొని, ఏమీ మాటాడక వచ్చినా తప్పు లేదు.

ఎంపికకు కొన్ని గురుతులు చాలును. ఏడ్పు వచ్చినప్పుడు నోట వెలువడే భాషలో సభ జరుగుతున్నదా? వారం వారం పోగల దూరమేనా? స్త్రీ అయితే తోటి స్త్రీలు ఉన్నారా? దైవప్రసంగం మనసుకు పట్టనివారు ఆ మాటే అక్కడ అడుగవచ్చును. కుదరకుంటే వైద్యుల ఆధ్వర్యంలోని బృందాలు వేరే ఉన్నవి. ఒకరే ఉపన్యసించి తక్కినవారిని మాటాడనీయని చోటు, వైద్యుడిచ్చిన మందు మానుమనే చోటు, విన్న గుట్టు బయట చెప్పే చోటు మాత్రం విడువదగినవే. అంతేగాని, ఒకనాటి సభ నచ్చలేదని మార్గమే తప్పని తీర్మానించరాదు. నాలుగైదు సభలు చూచిన పిమ్మటనే నిర్ణయం. ఊరివారి కంటబడుదునన్న జంకు ఉంటే, బస్సెక్కి నగరంలోని సభకు పోవడం పిరికితనం కాదు.

ఇది గుడ్డినమ్మకమూ కాదు. 2020లో కోక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను సమీక్షించి, రోగులను ఈ సభల వైపు నడిపించే పద్ధతి పూర్తిగా మానివేయించడంలో ఇతర చికిత్సలకు తీసిపోదనీ, తరచు మిన్న అనీ తేల్చినది.

ఒక హెచ్చరిక. ఏండ్ల తరబడి నిత్యం తాగినవాడు ఒక్కుమ్మడిగా మానితే మూర్ఛలు, మతిభ్రమ కలిగి ప్రాణాపాయం రావచ్చు. కావున ముందు వైద్యుడు, పిదప సభ. ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉన్నది. 14446 నంబరుకు ఉచితంగా ఫోను చేసి దారి అడుగవచ్చు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. తరగతిలో కునికే పిల్లవాడు రాత్రంతా తండ్రి కోసం మేలుకొన్నవాడు కావచ్చు. బెత్తం ఎత్తేముందు ఒక మాట అడుగుడు. తాగేవారి కుటుంబాల కొరకు 1951లోనే 'ఆల్-అనాన్' అనే సంఘం వెలసినది. తండ్రి తాగుడు ఆ పిల్లవాని నేరం కాదని చెప్పడానికి సంఘమూ అక్కరలేదు, గురువొక్కడు చాలును.

ఒకనాటి రాత్రి సభ ముగించుకొని ఇబ్రహీంపట్నంలో బస్సు దిగిన మనిషిని ఎవరో "యాడికి పోయొస్తున్నవన్నా?" అని అడుగుతారు. "మా వాళ్ళ దగ్గరికి" అని అతడు నిబ్బరంగా చెప్పగలిగిననాడు, వెదకిన సభ దొరికినట్లే.