విమానము నడపగోరువారి కన్ను

అనంతపురం పీఠభూమిపై సంవత్సరములో పెక్కు నెలలు ఆకాశము నిర్మలముగ నుండును. వినోదార్థము చిన్న విమానము నడపగోరువారికి ఇంతకన్న అనుకూలమేమి? కాని ఆకాశము స్వచ్ఛమైన చాలదు. చూచు కన్నును పరీక్షకు నిలువవలెను. మన దేశమున ప్రైవేటు పైలట్ లైసెన్సు కోరువారు 17 ఏండ్లు నిండి, రెండవ తరగతి వైద్యపరీక్షలో నెగ్గవలెను. అందు రంగులను గుర్తించు శక్తియు పరీక్షింపబడును.

కారణమేమన: రేడియో పనిచేయనపుడు విమానాశ్రయపు గోపురమునుండి దీపముతో సంకేతము చేయుదురు. నిలుకడగా వెలుగు పచ్చదీపము ‘దిగవచ్చును’ అని చెప్పును. ఎర్రదీపము ‘ఇతర విమానములకు దారి విడిచి చుట్టు తిరుగుచుండుము’ అని చెప్పును.

నేత్రపటలమునందలి శంకుకణములలో లోపమున్నచో ఈ రెండు రంగులు ఒకే తీరున తోచవచ్చును. ఈ లోపము తరచు పుట్టుకతోనే వచ్చును, మగవారిలో అధికము. మొదటినుండి అట్లే చూచుచున్నవారు తమ లోపమును తాము గుర్తింపకపోవచ్చును. అందుచేతనే 1917లో జపాను వైద్యుడు ఇషిహారా ప్రకటించిన రంగుచుక్కల పటములను చూపి, అందలి అంకెలను చదివింతురు.

ఇందు తప్పినను ఆశ వదలనక్కరలేదు. రంగుదీపముల పరీక్షయు కలదు. అందును తప్పినవారికి, పగటిపూట మాత్రమే నడుపవలెనను కట్టుబాటుతో, రెండవ తరగతి అర్హత నొసగుటకు అంతర్జాతీయ నియమములలో వీలున్నది. కనుక పైలట్ కాగోరు విద్యార్థి శిక్షణకు ధనము వెచ్చింపకమునుపే ఈ పరీక్ష చేయించుకొనుట మేలు.